పుస్తకం బాగాలేదా, మనకు నచ్చలేదా?

అందరూ గొప్పదంటున్న నవలను మీరు సగంలో పక్కన పెట్టేశారు. ఎవరి నోటా వినని మరో పుస్తకాన్ని ఒక్క రాత్రిలో పూర్తి చేశారు. అలాంటప్పుడు మంచి పుస్తకం, చెడ్డ పుస్తకం అన్న మాటలకు అర్థముందా, లేక ఎవరి ఇష్టం వారిదేనా అని అడిగారు. సమీక్షలను ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పమన్నారు.

అర్థముందనే నా సమాధానం. ప్రచురణకు వచ్చే రాతప్రతులను చదివి, వేయదగినవో కావో చెప్పడం చాలా ఏళ్లుగా నా పని. తిప్పి పంపే రాతప్రతి మీద ‘నాకు నచ్చలేదు’ అని రాస్తే ఏ రచయితా ఊరుకోడు, ఊరుకోవలసిన అవసరమూ లేదు. నాకు నచ్చకపోవడం నా సంగతి. నా వయసు, ఆ రోజు నా తలనొప్పి, అంతకుముందు చదివిన పుస్తకం, అన్నీ అందులో కలిసి ఉంటాయి. బాగాలేదని అనాలంటే మాత్రం ఫలానా పేజీ తెరిచి, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించగలగాలి. అలా చూపించినప్పుడు ఆ పుస్తకాన్ని ఇష్టపడినవారు కూడా ‘అవును, అక్కడ తేడా ఉంది, అయినా నాకిష్టమే’ అనగలుగుతారు. ‘బాగా రాసిన పుస్తకమే, నాకు పట్టలేదు’ అనడంలో నామోషీ ఏమీ లేదు. ‘నాసిరకం పుస్తకం, కానీ వదలలేకపోయాను’ అనడంలో అసలే లేదు. ఈ రెండు మాటలూ ధైర్యంగా అనడం మొదలుపెడితే మీ చిక్కు సగం విడిపోతుంది.

విడదీయడం తేలిక అని మాత్రం అనుకోకండి. ఆంగ్ల సాహిత్య విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పే రోజుల్లో కవుల పేర్లు తెలియజేయకుండా కొన్ని కవితలను విద్యార్థుల చేతికిచ్చి అభిప్రాయాలు రాయమన్నాడు. వాటిని విశ్లేషిస్తూ 1929లో ఒక పుస్తకం వేశాడు. పేరున్న కవులను తీసిపారేసినవారు, నాసిరకం కవితలను ఆకాశానికెత్తినవారు, కవితలో ఏముందో పైపై అర్థం కూడా పట్టుకోలేనివారు అందులో కనిపిస్తారు. దీన్ని చూపించి ‘చూశారా, అంతా అభిరుచే’ అని వాదించేవారున్నారు. నాకలా అనిపించదు. రిచర్డ్స్ బయటపెట్టినవి చాలావరకు చదవడంలోని లోపాలు. ఎదురుగా ఉన్న కవితను చదవకుండా, ఆ విషయం మీద తమ మనసులో ముందే సిద్ధంగా ఉన్న స్పందనను బయటికి తీసి, అదే కవిత ఇచ్చిందని చాలామంది నమ్మారు.

రాసేవారు చేసే పెద్ద తప్పు కూడా సరిగ్గా అదే. రచయిత తాను చెప్పదలచిన విషయం వైపు చూడకుండా, ఆ విషయం గురించి ఇదివరకే అందరూ అన్న మాటల వైపు చూస్తాడు. నేను చూసిన చెడ్డ పుస్తకాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది. భర్త పోయిన స్త్రీ గురించి రాయాలనుకోండి. రాతప్రతుల్లో తరచుగా ఎదురయ్యేది ఇలా ఉంటుంది: ‘ఆమె గుండె ముక్కలైంది. కన్నీళ్లు ధారలు కట్టాయి. ఆమె బతుకంతా చీకటైపోయింది.’ వ్యాకరణం తప్పు లేదు, భావమూ అబద్ధం కాదు. కానీ ఈ మూడు వాక్యాలూ ఏ నవలలోని ఏ స్త్రీకైనా అతుకుతాయి. ఈ రచయిత ఈమెను చూడనే లేదు. ఇప్పుడు ఇది చదవండి: ‘అందరూ వెళ్లిపోయాక ఆమె లోపలికి వచ్చి ఆయన ఫోనును ఛార్జింగుకు పెట్టింది. తెల్లవారేలోపు రెండుసార్లు లేచి ఎంత నిండిందో చూసింది.’ ఉదాహరణ కోసం నేను అప్పటికప్పుడు అల్లినదే, గొప్ప వాక్యాలని కాదు. అయినా ఇందులో దుఃఖం అన్న మాటే లేదని గమనించండి. దుఃఖాన్ని పాఠకుడే తెచ్చుకోవాలి. రోజూ రాత్రి ఆ ఫోను సంగతి చూసేది ఆమేనని తెలుస్తోంది, ఆ కాపురం ఎలాంటిదో కొంత తెలుస్తోంది, ఆయన లేడన్న సంగతిని ఆమె మనసు ఇంకా ఒప్పుకోలేదనీ తెలుస్తోంది. తొమ్మిదో శతాబ్దంలో సంస్కృత కావ్యశాస్త్రకారుడు ఆనందవర్ధనుడు ధ్వని గురించి చెప్పినప్పుడు పట్టించుకున్నది ఈ వ్యవహారాన్నే. అన్న మాట ఒకటి, ఆ మాట వల్ల మనకు తోచేది మరొకటి, కావ్యమంతా ఆ రెండోదానిలోనే ఉంది.

చూసి రాయడమంటే వింతగా రాయడమని కొందరు పొరబడతారు. ప్రతి వాక్యానికీ ఒక కొత్త ఉపమానం తగిలించే రచయితలున్నారు. చంద్రుణ్ని దేనితోనూ పోల్చకుండా ఆకాశంలో ఉండనివ్వరు. అక్కడా చూపు విషయం మీద లేదు, తన ప్రతిభ మీద ఉంది. రచయిత తన వాక్యానికి తానే మురిసిపోతున్నట్టు అనిపించిన చోట నేను పెన్సిలుతో గీత పెడతాను. చాలాసార్లు ఆ వాక్యం తీసేస్తే పేరా మెరుగవుతుంది. రచయిత ఒప్పుకుంటాడా అన్నది వేరే కథ. పదకొండో శతాబ్దపు సంస్కృత కవి క్షేమేంద్రుడు ఔచిత్యమే, అంటే ఎక్కడ ఏది తగునో అది ఉండటమే, కావ్యానికి ప్రాణమన్నాడు. ఎనిమిదేళ్ల పిల్ల నోట తత్వవేత్త మాటలు పలికించే నవల చేతికొచ్చినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

కథ నడక గురించి ఎక్కువ చెప్పను. ఒక సంఘటన నుంచి మరొకటి పుడుతోందా, లేక ఒకదాని పక్కన ఒకటి పేర్చారా అన్నది చూస్తే చాలు. కాకతాళీయాల విషయంలో పాఠకుడికి ఒక న్యాయం ఉంది. కథానాయకుణ్ని చిక్కుల్లో పడేసే కాకతాళీయాన్ని సహిస్తాడు, చిక్కుల్లోంచి గట్టెక్కించేదాన్ని సహించడు. జరగడానికి వీలున్నా నమ్మబుద్ధి కానిదాని కంటే, జరగడానికి వీల్లేకపోయినా నమ్మించగలిగేదే మేలని అరిస్టాటిల్ ఏనాడో అన్నాడు. దయ్యాలు తిరిగే నవలను నమ్మేసి, మామూలు ఆఫీసు కథలో సరిగ్గా అవసరమైన రోజున వచ్చిపడిన బదిలీ ఉత్తర్వును నమ్మలేకపోవడం మీకూ అనుభవమే అయి ఉంటుంది.

ఇలాంటివి అభిరుచికి సంబంధించినవి కావనడానికి అమెరికా రచయిత మెల్విల్ నవల ‘మోబీ డిక్’ చరిత్ర చూడండి. 1851 అక్టోబరులో అది మొదట లండన్‌లో ‘ది వేల్’ పేరుతో వెలువడింది. ఆ కూర్పులో చివరి ఉపసంహారం అచ్చు కాలేదు. ఓడ మునిగిపోయాక కథ చెబుతున్న నావికుడు ఎలా బతికి బయటపడ్డాడో చెప్పేది ఆ చిన్న భాగమే. అది లేకపోయేసరికి, అందరూ చనిపోతే ఈ కథ మనకు చెప్పినదెవరని అక్కడి సమీక్షకులు కొందరు నిలదీశారు. వారి ప్రశ్న న్యాయమైనదే. వారు తమ ఇష్టాయిష్టాల గురించి మాట్లాడటం లేదు, పుస్తకంలో నిజంగా ఉన్న ఒక ఖాళీని వేలు పెట్టి చూపించారు. నెల తిరగకుండా వచ్చిన అమెరికా కూర్పులో ఆ భాగం ఉంది, ఆ ప్రశ్నకు సమాధానమూ ఉంది. అయినా నవల నిలదొక్కుకోలేదు. 1891లో మెల్విల్ చనిపోయేనాటికి ఆయనను లోకం దాదాపు మరచిపోయింది, 1920ల్లో గాని మళ్లీ పట్టించుకోలేదు. ఆ డెబ్బై ఏళ్ల నిర్లక్ష్యానికి మాత్రం వేలు పెట్టి చూపించగల పేజీ ఏదీ లేదు. అదంతా పాఠకుల వైపు వ్యవహారం.

పాత్రల దగ్గరికి వస్తే, నేను కథానాయకుణ్ని అంతగా పట్టించుకోను. అతని మీద రచయిత ఎలాగూ కష్టపడి ఉంటాడు. రెండు పేజీల్లో వచ్చిపోయే మనిషిని చూస్తాను. ఆస్పత్రిలో తలుపు తీసే నర్సు, కాగితం మీద ముద్ర వేసే గుమాస్తా తమదైన తొందరతోనో చిరాకుతోనో ఉన్నారా, లేక కథానాయకుడికి సమాచారం అందించడానికే పుట్టారా? ఆ తర్వాత, రచయితకు గిట్టని పాత్రను చూస్తాను. ఆ మనిషి తన వైపు న్యాయం తనకు కనిపించినట్టుగా చెప్పుకోగలుగుతున్నాడా? చెప్పుకోలేకపోతే అక్కడ మనిషి లేడు, రచయిత కొట్టడానికి నిలబెట్టిన దిష్టిబొమ్మ ఉంది.

దీన్నుంచే మరో మాట వస్తుంది. ఇది చాలామందికి రుచించదని తెలుసు. మంచి విషయం చెప్పినంత మాత్రాన పుస్తకం మంచిది కాదు. నేను తిప్పి పంపిన రాతప్రతుల్లో దుర్మార్గమైనవి అరుదు. ఎక్కువ భాగం సదుద్దేశంతో రాసినవే: అన్యాయాన్ని ఎదిరించేవి, బలహీనుల పక్షాన నిలబడేవి, పిల్లలకు నీతి చెప్పేవి. చిక్కేమిటంటే, రచయితకు ముగింపు ముందే తెలుసు, పాత్రలకూ తెలుసు, మొదటి పేజీ నుంచి పాఠకుడికీ తెలుసు. ఇక ఎవరూ దేన్నీ వెతకవలసిన పని లేదు. నేను చెప్పేది సత్యమే కదా, ఇంకేం కావాలి అని రచయిత అడుగుతాడు. సత్యం కరపత్రంలోనూ ఉంటుంది. రచయిత ఏ పక్షాన ఉన్నాడో తెలుస్తూనే, ఎదుటి పక్షం వల్ల ఒక్క పేజీలోనైనా ఆయనకు నిద్రపట్టలేదని తెలిసే పుస్తకం మీద నాకు గౌరవం. అందుకే, నా అభిప్రాయాలకు పూర్తిగా విరుద్ధమైన పుస్తకాన్ని వేయండని సిఫారసు చేసిన సందర్భాలూ ఉన్నాయి, నేను తలాడించే మాటలే నిండా ఉన్నదాన్ని వద్దన్న సందర్భాలూ ఉన్నాయి.

అయితే తప్పులున్న పుస్తకమంతా చెడ్డ పుస్తకమా? ఇది పాత తగవు. సంస్కృత కావ్యశాస్త్రకారుడు మమ్మటుడు పదకొండో శతాబ్దంలో కావ్యాన్ని నిర్వచిస్తూ దోషాలు లేని శబ్దార్థాలు, అంటే మాటలూ వాటి అర్థాలూ, అన్నాడు. పద్నాలుగో శతాబ్దంలో మరో కావ్యశాస్త్రకారుడు విశ్వనాథ కవిరాజు దాని మీద అభ్యంతరం లేవనెత్తాడు. బొత్తిగా దోషమే లేని రచన దొరకడం దాదాపు అసాధ్యం కాబట్టి ఆ లెక్కన కావ్యమన్నదే మిగలదన్నాడు. పురుగు తొలిచినంత మాత్రాన రత్నం రత్నం కాకుండా పోదు కదా అన్నాడు. నేను విశ్వనాథుడి పక్షం. నేను ఇష్టపడే పెద్ద నవలల్లో మధ్యలో వంద పేజీలు కుంటేవి ఉన్నాయి, ముగింపు తొందరపడినవి ఉన్నాయి. మరోవైపు, ఎక్కడా ఒక్క తప్పు పట్టలేని, మూసేసిన మర్నాడు ఒక్క వాక్యమూ గుర్తుండని పుస్తకాలు కోకొల్లలు. నాకు ఎక్కువ భయం ఈ రెండో రకంతోనే, ఎందుకంటే వాటిని వద్దనడానికి కారణం రాయడం కష్టం. ‘అంతా సరిగానే ఉంది, ఎవరూ లేరు’ అని ఒకసారి రాశాను. ఆ రచయిత ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

కొలత మాత్రం పుస్తకం రకాన్ని బట్టి మారాలి. డిటెక్టివ్ నవలలో పాత్రల మనోలోకం లోతుగా లేదని విసుక్కోవడం అన్యాయం. అక్కడ అడగవలసింది రచయిత ఆట నిజాయితీగా ఆడాడా అని. డిటెక్టివ్ కథలకు ఆంగ్ల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే పది నియమాలు రాసిపెట్టాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారాన్ని వెంటనే పాఠకుడికీ చూపించాలన్నది వాటిలో ఒకటి. చివరి అధ్యాయంలో జేబులోంచి ఉత్తరం తీసి హంతకుణ్ని పట్టించే నవల, వాక్యాలు ఎంత అందంగా ఉన్నా, ఆ రకంలో చెడ్డదే.

కథలు కాని పుస్తకాల దగ్గర నేను మరింత కఠినంగా ఉంటాను, ఎందుకంటే అక్కడ చెడ్డ పుస్తకం వల్ల నష్టం ఎక్కువ. చరిత్ర కావచ్చు, వైద్యం కావచ్చు, ముందుగా విషయసూచిక చూసి నాకు బాగా తెలిసిన అంశం ఉన్న పేజీ తెరుస్తాను. నాకు తెలిసిన చోటే తప్పులుంటే, తెలియని చోట్ల లేవని నమ్మడానికి ఆధారమేముంది? తర్వాత ‘పరిశోధకులు తేల్చారు’, ‘ఆనాటి ప్రజలు భావించేవారు’ వంటి వాక్యాల కోసం వెతుకుతాను. ఏ పరిశోధకులు? ప్రజలు భావించారని దేన్ని బట్టి తెలిసింది, ఉత్తరాల వల్లా, కోర్టు కాగితాల వల్లా, పన్ను లెక్కల వల్లా? మంచి చరిత్రకారుడు ఆధారం ఎక్కడ ఆగిపోయిందో, తన ఊహ ఎక్కడ మొదలైందో దాచడు. చదువుతుంటే ఆ గీత మనకు కనిపిస్తూ ఉంటుంది. గీత చెరిపేసి అంతా ఒకే గొంతుతో ధీమాగా చెప్పుకుపోయే పుస్తకం చదవడానికి హాయిగా ఉంటుంది, ఆ హాయినే అనుమానించాలి.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైన పరీక్ష, ఎదుటివారి వాదనను ఎలా చెప్పారన్నది. 1859లో వచ్చిన జాతుల ఉత్పత్తి గ్రంథంలో డార్విన్ ఒక అధ్యాయం మొత్తాన్ని తన సిద్ధాంతానికి ఎదురయ్యే ఇబ్బందులకే కేటాయించాడు. కన్ను వంటి సంక్లిష్టమైన అవయవం ప్రకృతివరణం (పరిస్థితులకు తగిన లక్షణాలున్న జీవులే ఎక్కువగా మిగిలి, ఆ లక్షణాలు తరతరాలకు పేరుకోవడం) వల్ల ఏర్పడిందనడం పైకి ఎంత అసంబద్ధంగా కనిపిస్తుందో తానే ముందుగా ఒప్పుకుని, ఆ తర్వాత సమాధానం చెప్పాడు. విమర్శకులు అడగబోయేదాన్ని వారికంటే గట్టిగా తానే అడిగాడన్నమాట. ఈ మధ్య వచ్చే వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఇలాంటి అధ్యాయం ఎక్కడైనా కనిపిస్తే నాకు చెప్పండి. వాటిలో చాలా వాటికి ఒక పత్రికా వ్యాసానికి సరిపడే ఆలోచన ఉంటుంది, దాన్ని రెండు వందల పేజీలకు సాగదీస్తారు. పరీక్షించడం తేలికే: ఏదో ఒక అధ్యాయంలో నడిమి నాలుగు పేజీలు వదిలేసి చదవండి. ఏదీ తప్పిపోయినట్టు అనిపించకపోతే ఆ నాలుగు పేజీలు ఎందుకున్నాయో ప్రచురణకర్తకు తెలుసు, పాఠకుడికి అవసరం లేదు.

అచ్చుతప్పులు, కాగితం, అట్ట, వీటిని రచన ఖాతాలో వేయకండి. మందుల మోతాదులు, తేదీలు, లెక్కలు ఉండే పుస్తకంలో అచ్చుతప్పు ప్రమాదమే, మిగతా చోట్ల చికాకు మాత్రమే.

అమ్మకాలు, బహుమతులు కొలబద్దలా అంటే, అవి కూడా ఒక కాలపు మనుషులు చదివిన తీరును చెబుతాయి, అంతకుమించి కాదు. 1901లో మొదటి నోబెల్ సాహిత్య బహుమతి ఫ్రెంచి కవి సల్లీ ప్రుధోమ్‌కు దక్కింది. టాల్‌స్టాయ్ 1910 దాకా బతికే ఉన్నా ఆయనకు రానే లేదు. అలాగని ఎవరూ కొననిదే గొప్పదనే మరో మూఢనమ్మకంలో పడవద్దు. అమ్ముడుపోని పుస్తకాల్లో అత్యధికం అమ్ముడుపోకపోవడానికి తగిన కారణంతోనే ఉంటాయి, నమ్మండి, వాటిని అచ్చుకు ముందే చదివేవాణ్ని నేను.

పుస్తకం మొదటి రాతలోనే మంచిదిగా పుడుతుందన్న భ్రమ కూడా ఒకటుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, ఆయనే దాన్ని చాలావరకు తిరగరాసి రెండో కూర్పుగా తెచ్చాడు. మనం ఈనాడు నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. అచ్చయి, పేరు తెచ్చుకున్న పుస్తకాన్ని మళ్లీ విప్పి కూర్చోవడానికి ఎంత తెగింపు కావాలో, తమ రాతప్రతిలో ఒక్క కామా కదిలించినా కోపం తెచ్చుకునే రచయితలతో పనిచేసేవారికి బాగా తెలుస్తుంది.

మీరు సగంలో ఆపిన నవల సంగతి. ఏ పేజీలో ఆగారో అక్కడికే వెళ్లి, ఎందుకు ఆగారో ఒక్క వాక్యం రాసుకోండి. ‘మనుషులు ఎక్కువైపోయారు, ఎవరు ఎవరో తెలియలేదు’ అని రాస్తే అది పుస్తకం తప్పు కావచ్చు, మీరు ఆ వారం అలసిపోయి ఉండటమూ కావచ్చు. మళ్లీ ఓ ఏడాదికి చూడండి. ‘వీళ్లలో ఎవరికి ఏమైనా నాకు పట్టలేదు’ అని రాస్తే పట్టకపోవడానికి కారణమైన పేరా వెతకండి, దొరికితే అప్పుడు మీ దగ్గర ఒక విమర్శ ఉన్నట్టు. ఏమీ దొరకకపోతే మరొకరికి ఇచ్చేయండి. ఎవరో మెచ్చుకున్నారని పూర్తి చేయవలసిన బాధ్యత వృత్తిగా చదివే మాబోటివారికే ఉంటుంది, మీకు లేదు.

సమీక్షల్లో మెచ్చుకోళ్లను నేను దాదాపు వదిలేస్తాను. ‘గుండెను తాకింది’, ‘కింద పెట్టనివ్వదు’ వంటివి ఏ పుస్తకానికైనా సరిపోతాయి. ఫిర్యాదులే చదువుతాను, అందులోనూ ఉదాహరణతో చేసినవి. పుస్తకంలోని రెండు వాక్యాలైనా యథాతథంగా ఎత్తి చూపించే సమీక్షకుణ్ని గుర్తుపెట్టుకోండి, ఆయన అభిరుచి మీది కాకపోయినా పనికొస్తాడు. వాన గురించీ నది గురించీ పేజీలకు పేజీలు రాశారు, కథ కదలదు అని ఒకాయన ఒక పేరా మొత్తం ఎత్తి రాసి మరీ విసుక్కున్న నవలను, ఆ పేరా చూసే నేను కొన్నాను. ఆయన చెప్పింది నిజమే, కథ పెద్దగా కదలలేదు. వాన మాత్రం ఒక్క పేజీ వదలకుండా చదివాను.